అన్వేషణకు దొరకు తెలుగు: 'మిడిల్ పాయింట్' అను స్థలనామము నాధారముగ నొక పరిశీలన

నిఘంటువును నిర్మించు పండితున కెదురగు తొలి చిక్కు పదముయొక్క అర్థము కాదు. ఆ పదమును ఏ రూపమున నిలుపవలెననునది. బ్రౌను నిఘంటువును (1852) గాని, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును (1885) గాని తెరచిన పాఠకుడు 'వచ్చిరి' అను మాటకై 'వచ్చిరి' యొద్ద వెదకడు. 'వచ్చు' నొద్ద వెదకును. 'ఇంటికి' అనుదానికై 'ఇల్లు' చూచును. ఈ పని యంతయు వ్యాకరణము తెలిసిన పాఠకుని మనస్సులో నొక్క క్షణమున జరిగిపోవును గనుక దాని నొక పనిగా మన మెన్నడును గుర్తింపలేదు. నేడు విద్యార్థి నిఘంటువుకంటె ముందు గూగుల్‌ను తెరచుచున్నాడు. అచట పాఠకుడు చేయవలసిన ఆ పనిని యంత్రము చేయవలసియున్నది. యంత్రము చేయలేనిచోట రచయిత చేయవలసియున్నది. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది యిది యొక్కటే: సెర్చ్ ఇంజనులవారు వెబ్‌సైటు రచయితలకై ప్రకటించిన సూచనలు తెలుగునకు అన్వయించునపుడు చాలవరకు పదరూప సమస్యలుగ మారును. కావున అవి కంప్యూటరు నిపుణులకు వదలివేయదగినవి కావు, భాషావేత్తలు పట్టించుకొనవలసినవి.

విషయము గాలిలో తేలిపోకుండుటకై ఒక చిన్న స్థలనామమును గ్రహించితిని. మిడిల్ పాయింట్ అనునది అండమాన్ నికోబార్ దీవుల ముఖ్యపట్టణములోని ఒక పేట. ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పేరు. అప్పుడు కేంద్రప్రభుత్వము శ్రీవిజయపురము అను కొత్త పేరును ప్రకటించినది. 2011 జనాభా లెక్కలనాటికి ఈ దీవుల జనసంఖ్య 3,80,581. అందు నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వంగభాష, హిందీ, తమిళముల తరువాతి స్థానము తెలుగుదే. వీరిలో అనేకులు ఉత్తరాంధ్ర తీరమునుండి, విశేషించి శ్రీకాకుళము విశాఖపట్టణము ప్రాంతములనుండి, ఓడ యెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు. వీరి చరిత్ర గ్రంథస్థమైనది తక్కువ. పెద్దల జ్ఞాపకములు, ఇంటి ఉత్తరములు, సంఘముల ప్రత్యేక సంచికలు, పెండ్లి శుభలేఖలు: ఇవియే ఆధారములు. చెన్నైనుండి దీవులకు సముద్రగర్భమున వేసిన కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. అంతకు ముందు ఉపగ్రహములపై ఆధారపడి కుంటుచు నడచిన అంతర్జాలము ఇపుడు వేగవంతమైనది. కాగా ఆ యిండ్లలోని తెలుగు సామగ్రి పుటలపై కెక్కుటకు సాధనమేర్పడినది. ఎక్కినది దొరకునా అనునది మిగిలియున్న ప్రశ్న. గ్రంథాలయమున సూచికలో చేరని పుస్తకము బీరువాలో నున్నను లేనట్లే గదా.

సెర్చ్ ఇంజను చేయు పనిని గూగుల్ సంస్థ తన సూచనలలో మూడు దశలుగ వివరించినది. మొదటిది సంచారము: క్రాలరు అను ప్రోగ్రాము ఒక పుటనుండి మరియొక పుటకు లంకెల వెంట పోవుచు చదువును. రెండవది సూచికా నిర్మాణము: చదివిన దానిని విశ్లేషించి పదసూచికలో చేర్చుట. మూడవది సమర్పణము: అడిగినవానికి తగిన పుటల నొక వరుసలో చూపుట. సంచారమునకు గాని, వరుసలో ముందుండుటకు గాని సొమ్ము పుచ్చుకొనమని ఆ సంస్థ స్పష్టముగ చెప్పుచున్నది; సూచనలన్నియు పాటించినను పుటను తప్పక చేర్చుదుమని హామీయు ఇచ్చుట లేదు. ఎవరును లంకె వేయని పుటను క్రాలరు కనుగొనుట దుర్ఘటము. మిడిల్ పాయింట్ తెలుగువారిని గూర్చి ఒకరు ఒక మంచి పుట వ్రాసి, దానికి తమ వెబ్‌సైటు ముఖపుటనుండియైన దారి చూపనిచో, తాళము వేసిన గదిలో దీపము వెలిగించినట్లగును. వీనిలో మొదటి, మూడవ దశలను గూర్చి మనము చేయగలిగినది కొంచెము. రెండవ దశయే మన విషయము. ఏలయన, అచటనే యంత్రము తెలుగును తెలుగుగా చదువవలసియున్నది.

యంత్రము అక్షరములను చదువదు, సంఖ్యలను చదువును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రథమ సంపుటమునందే తెలుగునకు స్థానము లభించినది. మన లిపికై 128 గడుల వరుస కేటాయింపబడినది. 'మిడిల్' అను మాట మనకు మూడక్షరములు. యంత్రమునకు ఆరు సంకేతములు: మ, ఇత్వము, డ, ఇత్వము, ల, పొల్లు. 'పాయింట్' ఏడు సంకేతములు. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు విభక్తి చేరినపుడు వచ్చును.

'పాయింట్' అను హలంతమునకు 'లో' అను విభక్తి ప్రత్యయమును చేర్చి వ్రాయుట కిపుడు మూడు మార్గములు వాడుకలో నున్నవి. 'పాయింటులో' అనునది పూర్వపు అచ్చుపుస్తకముల మార్గము. అన్యదేశ్యమునకు ఉకారము చేర్చి దానిని తెలుగు చేసికొనుట. 'పాయింట్లో' అనునది పలుకుబడి ననుసరించి టకారమునకు లవత్తు ఇచ్చుట. 'పాయింట్‌లో' అనునది నేటి పత్రికల మార్గము. పొల్లును కనబడనిచ్చి పక్కన లకారమును నిలుపుట. ఈ మూడవ రూపమున పొల్లునకును లకారమునకును నడుమ కంటికి కానరాని ఒక సంకేతము కలదు. రెండక్షరములు కలిసి సంయుక్తము కాకుండ అడ్డుగ నిలుచుటయే దాని పని. దానికి వెడల్పు లేదు, ధ్వని లేదు, అర్థము లేదు. అయినను యంత్రము లెక్కించునపుడు అది ఒక సంకేతమే. 'పాయింట్లో' తొమ్మిది సంకేతములు, 'పాయింట్‌లో' పది. కొన్ని సాఫ్ట్‌వేరులు దానిని విస్మరించును, కొన్ని విస్మరింపవు. ఒకడు 'మిడిల్ పాయింట్' అని నడుమ ఖాళీతో వ్రాయును. ఇంకొకడు 'మిడిల్‌పాయింట్' అని ఆ యదృశ్య సంకేతముతో కలిపి వ్రాయును. మరియొకడు 'మిడిల్పాయింట్' అని లకారమునకు పవత్తు ఇచ్చును. నలుగురు వ్రాసినది నాలుగు విధములైనచో, అయిదవవాడు వెదకునది ఏది?

పట్టణనామము సంగతి ఇంతకంటె విస్తృతము. పోర్ట్ బ్లెయిర్, పోర్ట్‌బ్లెయిర్, పోర్టుబ్లెయిరు, పోర్ట్ బ్లేర్. ఇపుడు శ్రీవిజయపురము, శ్రీ విజయపురం, శ్రీవిజయపురం. దీవుల పేరు అండమాన్, అండమాను, అండమన్. ఇచట ఒక లిపి విశేషమును చెప్పకుండ ముందునకు పోజాలను. పాత అచ్చుపుస్తకములలో పదాంత నకారమునకు ప్రత్యేకముగ వాడిన నకారపొల్లునకు యూనికోడ్ 14వ సంపుటమున (2021) వేరు గడి లభించినది. ప్రాచీన ముద్రణలను యథాతథముగ ఎక్కింపవలెనను సంపాదకున కిది ఉపకారమే. కాని ఆ నకారపొల్లుతో వ్రాసిన 'అండమాన్' నకారమునకు పొల్లు చేర్చి వ్రాసిన 'అండమాన్' కాదు, సంకేతములు వేరు. లిపికి మేలైనది అన్వేషణకు మేలు కానవసరము లేదనుట కిది నిదర్శనము. వ్యక్తినామములకును ఈ చిక్కు తప్పదు. కాకినాడ బాంబు కేసులో (1933) శిక్షపడి అండమాను కారాగారమున కేగిన ప్రతివాది భయంకరాచారిని వెదకు పరిశోధకుడు, భయంకరాచార్య, భయంకరాచార్యులు అను రూపములనుగూడ తలచుకొనవలసియున్నది.

ఇక సంధి. సెర్చ్ ఇంజను పదములను ప్రధానముగ ఖాళీలనుబట్టి విడదీయును. 'మిడిల్ పాయింటనునది', 'మిడిల్ పాయింటందలి', 'మిడిల్ పాయింటొక పేట' అని వ్రాసినచో మన చెవికి సుఖముగనే యుండును. పేరు మాత్రము పక్కపదముతో కలిసి కరగిపోవును. నేనీ వ్యాసమును వ్రాయుచున్న శైలియే అన్వేషణకు మిక్కిలి ప్రతికూలమని ఒప్పుకొనక తప్పదు. అట్లని గ్రాంథికమును విడువుమనుట నా మతము కాదు. మన వ్యాఖ్యాతలు మూలపదమును చెడకుండ నిలుపుటకు 'అను', 'అనెడి' అను మాటలను వాడుచు వచ్చిరి. సంస్కృతమున 'ఇతి' చేయు పని అదియే. 'మిడిల్ పాయింట్ అను ప్రాంతము', 'మిడిల్ పాయింట్ అనెడి పేట' అని వ్రాసి, 'అను' మాటకు ముందు సంధి చేయకుండినచో ప్రథమారూపము చెక్కుచెదరదు. శీర్షికలోను, తొలి వాక్యములోను, ఉపశీర్షికలలోను ఈ నియమమును పాటించి, తక్కిన వ్యాసమున మన యిష్టము వచ్చిన సంధులు చేసికొనవచ్చును.

ఈ విషయమున గూగుల్ సూచనలేమి చెప్పుచున్నవో చూడవలెను. పాఠకుడు ఏ మాటలతో వెదకునో ఊహించి ఆ మాటలను వాడుమని అవి చెప్పుచున్నవి. వెంటనే, ప్రతి రూపభేదమును వ్రాయనక్కరలేదనియు, పదములు సరిగా కలియకున్నను తమ యంత్రము విషయమును గ్రహింపగలదనియు చేర్చుచున్నవి. ఆంగ్లమువంటి భాషకు ఈ ధీమా తగును. అచట నామమునకు రూపభేదములు కొలది, చదివి నేర్చుకొనుటకు వ్రాతలు అపారము. నామమొకటి విభక్తులతోను, వచనముతోను, సంధితోను పదులకొలది రూపములెత్తు తెలుగున, అందును ఒక దీవిలోని ఒక పేట పేరు విషయమున, యంత్రము ఊహించునని కూర్చుండుట ప్రమాదమని నా అభిప్రాయము. ఐనను రూపభేదములనన్నిటిని పుట అడుగున గుదిగ్రుచ్చుట తగదు. ఒకే మాటను పదేపదే గ్రుక్కుటయు, తెల్లని పుటపై తెల్లని అక్షరములతో పదములను దాచుటయు మోసములుగ ఆ సంస్థ పరిగణించును. అట్టి పుటలు సూచికలో వెనుకకు త్రోయబడును, లేదా తొలగింపబడును. పదములను దాచియుంచుటకై పూర్వము వాడుచుండిన 'కీవర్డ్స్' అను గుప్తపంక్తిని తాము వరుస నిర్ణయమునకు వాడమని 2009లోనే వారు ప్రకటించిరి. నేటికిని మనవారు కొందరు దానిలో ఇరువది ముప్పది పదములు నింపి తృప్తిపడుచున్నారు, శ్రమ వ్యర్థము.

మార్గము మన నిఘంటువులలోనే కలదు. ప్రధానపదము నిచ్చి, పక్కన రూపాంతరముల నిచ్చుట మనకు అలవాటైన పద్ధతి. పుటలో నొక్కచోట, రెండవ వాక్యముగనో మూడవ వాక్యముగనో, ఇట్లు వ్రాయవచ్చును: "మిడిల్ పాయింట్ అను ఈ పేటను పాత ఉత్తరములలో మిడిల్ పాయింటు అని, కొందరు మిడిల్‌పాయింట్ అని వ్రాసిరి, ఇది శ్రీవిజయపురము (పూర్వము పోర్ట్ బ్లెయిర్) పట్టణమున కలదు." ఇది యంత్రమును మభ్యపెట్టుట కాదు. స్థలనామ పరిశోధకునకు అవసరమైన సమాచారమే యిది. చదువువానికి ఉపయోగపడునది గనుకనే యంత్రమునకును ఉపయోగపడును. రూపాంతర వాక్యమని దీనికి పేరు పెట్టుదును.

శీర్షిక విషయమున మన విద్యాపత్రికలే ఎక్కువగ తప్పు చేయుచున్నవి. పత్రికల వెబ్‌సైటులలో పుట శీర్షిక 'ముఖపుట' అనియో, 'సంపుటము 4, సంచిక 2' అనియో, 'వ్యాసము' అనియో ఉండును. వెదకువానికి ఫలితముల వరుసలో మొదట కనబడునది ఆ శీర్షికయే. ప్రతి పుటకు వేరు శీర్షిక, ఆ పుటలోని విషయమును స్పష్టముగ తెలుపు శీర్షిక యుండవలెనని సూచన. 'మిడిల్ పాయింట్ తెలుగువారి నివాసచరిత్ర' అని విషయమును ముందుంచి, పత్రిక పేరును చివర నుంచుట మేలు. ఏలయన, శీర్షిక ఎంత పొడవున్నను తప్పు లేకున్నను, చూపునపుడు తెరవెడల్పునకు మించిన భాగము కత్తిరింపబడును. మన లిపిలో అక్షరములు విశాలములు గనుక ఆ కత్తిరింపు మనకు ముందుగనే పడును. శీర్షిక క్రింద కనబడు రెండు పంక్తులు సాధారణముగ పుటలోని మాటలనుండియే ఏరబడును. రచయిత వ్రాసి యుంచిన వివరణ మంతకంటె బాగుగ నున్నచో దానిని గ్రహించుటయు కలదు. మంగళాచరణముతోను, అధ్యక్షులవారి సందేశముతోను మొదలగు పుటకు ఆ రెండు పంక్తులలో ఏమి కనబడునో చెప్పనక్కరలేదు.

పుట చిరునామాను తెలుగున వ్రాయవచ్చునా యని ఒక ప్రశ్న. వ్రాయవచ్చును, పాఠకుల భాషలోని మాటలు చిరునామాలో నుండుట మంచిదనియే సూచన. కాని అట్టి చిరునామాను కాపీ చేసి ఉత్తరమునందో పాదసూచికయందో అతికించినపుడు ప్రతి తెలుగు సంకేతమును మూడు బైట్లుగ, ప్రతి బైటును మూడు గుర్తులుగ మారిపోవుట తరచు. 'మిడిల్', 'పాయింట్' అను రెండు మాటలలోని పదమూడు సంకేతములు 117 రోమను గుర్తులగును. ఉల్లేఖనములు అచ్చువేయు పత్రికల కిది భరింపరానిది. నేను రోమను లిపిలో చిన్న చిరునామాను, పుటలో తెలుగు శీర్షికను కోరుదును. ఇతరులు వేరుగ తలంపవచ్చును; ఒక వెబ్‌సైటున ఒకే పద్ధతి యుండుట మాత్రము ముఖ్యము. పద్ధతి మార్చినచో పాత చిరునామానుండి కొత్త చిరునామాకు శాశ్వతముగ దారి మళ్లింపవలెను. లేనిచో పాత లంకెలన్నియు చచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు పుట తెలుగు అక్షరములతో నున్నదని భావించి చెప్పితిని. నిజమునకు మన పూర్వరచనలలో అధికభాగము అట్లు లేదు. యూనికోడ్ వ్యాపించుటకు ముందు తెలుగు దినపత్రికలు తమతమ సొంత ఫాంటులతో వెబ్‌సైటులు నడపినవి. తెరపై తెలుగుగ కనబడినను, లోపల నున్నవి రోమను సంకేతములే. వానిని యూనికోడునకు మార్చుటకు 'పద్మ' వంటి సాధనములను ఔత్సాహికులు నిర్మింపవలసివచ్చినది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున వేలకొలది తెలుగు గ్రంథములు ఛాయాచిత్రములుగ ఎక్కింపబడినవి, అది మహోపకారము. కాని వాని పేర్లు ఒక పద్ధతి లేని రోమను వ్రాతతో నమోదైనవి. దీర్ఘములు లేవు, ఒత్తులు లేవు, ఒక్కొక్కచోట అక్షరములే తారుమారు. తెలుగు తెలిసిన పరిశోధకుడు తెలుగు పుస్తకమును వెదకుటకు దానిని ఇతరు లెట్లు తప్పు వ్రాసియుందురో ఊహింపవలసిన దుఃస్థితి. ఛాయాచిత్రమునుండి అక్షరములను గుర్తించు యంత్రములు మెరుగుపడుచున్నవి గాని, వత్తులు గుణింతములు కిక్కిరిసిన పాత అచ్చునందు తడబడుచునే యున్నవి. నా వ్యాసమే యొకటి, ఒక సంచికలో ఛాయాచిత్రముగ ఎక్కినది, నా పేరుతో వెదకినను నాకే దొరకలేదు. చివరకు ఒక విద్యార్థి దాని విషయసూచికను అక్షరములలో టైపు చేసి పెట్టిన పిదప దొరకినది. పుస్తకమంతయు టైపు చేయుటకు శక్తి లేనిచో, శీర్షిక, రచయిత పేరు, విషయసూచిక, ఒక పేరా సారాంశము: ఇంతమాత్రము తెలుగు అక్షరములలో ఉంచుట ఏ విద్యాశాఖకైనను సాధ్యమే.

ఛాయాచిత్రములకును ఇదియే న్యాయము. మిడిల్ పాయింట్‌లోని ఒక యింట దొరకిన పాత కుటుంబచిత్రమును ఎక్కించువారు దాని వెనుక వ్రాసియున్న మాటలను గూడ చిత్రవివరణముగ టైపు చేయవలెను. చూపు లేనివారికి ఆ వివరణమే చిత్రము, యంత్రమునకును అంతే. లంకె వేయునపుడు 'ఇక్కడ నొక్కుడు' అనుటకంటె 'అండమాన్ తెలుగువారి ఉత్తరములు' అని విషయమును చెప్పుట మేలు.

భాషానిర్ణయమును గూర్చి మనవారిలో నొక భ్రమ కలదు. పుటలోపలి సంకేతములలో 'తెలుగు' అని ప్రకటించిన చాలునని కొందరి నమ్మకము. గూగుల్ ఆ ప్రకటనను పట్టించుకొనదు. కంటికి కనబడు పాఠమునుబట్టియే భాషను నిర్ణయించును. కావున పైని క్రిందను ఆంగ్లపు పట్టీలు, నడుమ నాలుగు తెలుగు పంక్తులు గల పుట తెలుగు పుటగ పరిగణింపబడుట సందేహమే. ఒకే వ్యాసమునకు తెలుగు, హిందీ పాఠములు రెండున్నచో రెండు పుటలుగ నుంచి, ఒకదాని కొకటి ప్రతిరూపమని తెలుపు గుర్తును పెట్టవలెను. అనేక భాషలు కలిసియుండు అండమానులో ఈ సూచన విశేషముగ వర్తించును.

చివరకు వస్తువు. 2022 డిసెంబరులో గూగుల్ తన మూల్యాంకన సూత్రములలో నైపుణ్యము, ప్రామాణికత, విశ్వసనీయతలతోపాటు 'అనుభవము' అను మాటను చేర్చినది. 2024 మార్చిలో, పాఠకునకు ప్రయోజనము లేక కేవలము సంఖ్యకై కుప్పలుగ తయారుచేయు పుటలను, అవి యంత్రము వ్రాసినవైనను మనుష్యులు వ్రాసినవైనను, నిషిద్ధముగ ప్రకటించినది. యంత్రానువాదముతో ఒక్క రాత్రిలో వేయి తెలుగు పుటలు పుట్టించుట నేడు సులభము. అట్టి పుటలలో మిడిల్ పాయింట్ అనగా 'మధ్య బిందువు' అని అనువాదమగుటయు అసంభవము కాదు. అనువాదకుడు మనుష్యుడైనచో స్థలనామమును అనువదింపడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశము వెలువడుటకు (1962) కార్యకర్తలు ఊరూర తిరిగి, పనిచేయువారి నోటినుండి పదములను సేకరించిరి. ఆ దీవులలో వలలు, పడవలు, వంట, పండుగ, పిలుపులు మొదలగువానికి తెలుగువారు వాడుచున్న మాటలను అట్లే సేకరించి, చెప్పినవారి స్వగ్రామమును, వచ్చిన కాలమును, వారి యనుమతి మేరకు, తెలిపి వ్రాసిన పుటకు పోటీ యుండదు. అది వేరొకచోట లేదు గనుక.

ప్రధానరూప మేదను ప్రశ్న యొకటి మిగిలినది. పూర్వ సంప్రదాయము ననుసరించి 'పాయింటు' అని అజంతముగ నిలుపుటయే తెలుగుదనమని వాదింపవచ్చును. విభక్తులు దానికి సుఖముగ చేరును, అదృశ్య సంకేతముల బెడద యుండదు. వ్యాకరణదృష్టితో నా మొగ్గును అటే. కాని చేతిఫోనులో వ్రాయువారును, ఫోనుతో పలికి వెదకువారును నేడు హలంతమునే ఎక్కువగ వాడుచున్నారు. వెదకువాని రూపమే సూచికలో ప్రధానరూపమగుట న్యాయము. కావున శీర్షికలో 'మిడిల్ పాయింట్' అని నడుమ ఖాళీతో హలంతముగను, రూపాంతర వాక్యములో 'మిడిల్ పాయింటు' అనియు ఉంచితిని. పట్టణనామము విషయమున మాత్రము ఒక రూపమును ప్రధానముగ నిలుపజాలకుంటిని. శ్రీవిజయపురము అధికారనామము, కాని 2024కు ముందటి ఉత్తరములు, ఓడ టిక్కెట్లు, బడి ధ్రువపత్రములు అన్నియు పోర్ట్ బ్లెయిర్ పేరనే యున్నవి. తాతగారి జాబును చేతబట్టుకొని వెదకు మనుమడు దానిమీద నున్న పేరునే టైపు చేయును. ఈ సంధికాలమున రెండును శీర్షికలో నుండవలెను.